కంటి ముందరి కుంపటి

ధర్మవరపు పట్టుచీర కొంగునుండి సన్నని జరీపోగొకటి తెగి వెలికి వచ్చినప్పుడు, అది నేతలోని లోపమేయని మా యింటి ఆడవారందరును తలచిరి. నేతగానిని తప్పుపట్టుటకు నలుగురును నోరు చేసికొనుచుండగా, మరి పదునెనిమిది దినములలో పెండ్లిపీటలపై కూర్చుండవలసిన నా మేనకోడలు మాత్రము తన యుంగరపు వ్రేలిని కిటికీ వెలుతురున అటునిటు త్రిప్పి చూచుకొని, "చీరది కాదు మామా, తప్పు ఉంగరానిది" అనెను. నిశ్చితార్థమునాడు పెండ్లికుమారుడు తొడిగిన యుంగరమది. తొడిగిన దినమే కొంచెము వదులుగా నుండుటచే, బిగువు చేయించుటకై పుట్టపర్తిలోని యొక నగల దుకాణమున ఇచ్చి, వారము దినములకు తిరిగి తెచ్చుకొనియుంటిమి. ఊరి పేరు చెప్పితిని గాని దుకాణము పేరు చెప్పను. ఇట్టి కథ ఏ యూరిలోనైనను, ఏ వీధిలోనైనను జరుగదగినదే.

పదింతలు పెద్దదిగా చూపెడి చిన్న భూతద్దమును కంటికానించి నేనా యుంగరమును పరిశీలించితిని. వజ్రమును పట్టియుంచిన నాలుగు కొనలలో నొకటి గోటికి తగులునంత పైకి లేచియుండెను. పట్టుపోగును లాగినది అదియే. వలయమునకు అడుగుభాగమున వెండ్రుకవాసి గీటొకటి, చుట్టునున్న పసిమికంటె కొంచెము తెల్లబారి, కానవచ్చెను. ఆ గీటులో సూదిమొన దిగునంతటి బెజ్జములు రెండు. లోపలివైపున హాల్‌మార్కుతోపాటు చెక్కబడిన ఆరక్షరముల గుర్తింపుసంఖ్యలో కడపటి రెండును ఆకురాయి పాలయి పోయినవి. ఇంటిలో నెవ్వరికిని కానరాని యీ మూడు దోషములును, చూచుట నేర్చిన కంటికి, నిలువున వ్రాసిపెట్టిన నేరపత్రమువలె నుండెను.

మరునాడు దుకాణమునకు పోయి చూపగా, బల్లవెనుకనున్న చిన్నవాడు ఉంగరమును బొటనవ్రేలితో రుద్ది, "ఏమీ లేదమ్మా, నాలుగు దినాలు పెట్టుకుంటే అదే నున్నగవుతాది" అనెను. అమ్మాయి ఊరకుండక, "మరి కోసిన ముక్క ఏదన్నా?" అని అడిగెను. చిన్నవాడు యజమాని వైపు చూచెను. యజమాని నా వైపు చూచి, "రిపేరు పని మేము చేసేది కాదు సార్, బయటికి పంపిస్తాము" అనెను. బయటికనగా ఎక్కడికని యడిగితిని. సమాధానము రాలేదు. ఈ వ్యాసమునకు బీజము ఆ మౌనమే.

నా చిన్నతనమున ఈ ప్రశ్నకు తావే లేకుండెను. ఆచారికి కబురంపిన, ఆయన తన సరంజామాతో వచ్చి, మా యరుగుమీదనే కుంపటి పెట్టుకొని కూర్చుండెడివాడు. చిన్న త్రాసు, గురిగింజలు, దాగలి, పటకారు, ఊదుగొట్టము, చిప్పలో వెలిగారము, ముంతలో చింతపండు నీరు: ఇంతియే ఆయన కార్ఖానా. మా అవ్వ ఎదుట చాపపై కూర్చుండి విత్తనపు శెనక్కాయలు ఒలుచుకొనుచు, వ్రేళ్ళను కాయలమీదను, చూపును కుంపటిమీదను నిలిపి, పని ముగియువరకును కదలెడిది కాదు. నగను ముందు తూచెడివారు, పని పిదప తూచెడివారు. క్రింద పరచిన గుడ్డను దులిపి, రాలిన రజనును సైతము కాగితములో పొట్లము కట్టి ఆచారియే ఆమె చేతికిచ్చెడివాడు. అవ్వ చూపులో అనుమానమున్నదని ఆయనయు తలపలేదు, ఆమెయు తలపలేదు. మన బంగారము మంచిదైతే కంసాలి యేమి చేయునను సామెత పుట్టిన కాలమున, ఆ బంగారము మంచిచెడ్డలు ఇరువురి కన్నులయెదుటనే తేలుచుండెడివి. నేడు కుంపటి కన్నుమరుగైనది. అద్దాల బల్లకు ఈవల మనము, ఆవల విక్రేత. పనివాని చేయి ఇద్దరికిని కనరానంత దూరమున నున్నది. ఉంగరము చెడిపోవుట ఆ దూరముననే ప్రారంభమగుచున్నది.

మన పెండ్లితంతులో పూర్వము నిశ్చయమునకు గుర్తు తాంబూలము; ఉంగరములు మార్చుకొనుట తరువాత కలిసిన వేడుక. అయినను ఉంగరము ఆనవాలను భావము మనకు క్రొత్తది కాదు. అశోకవనమున సీతకు విశ్వాసము కలిగించినది రామాంగుళీయకమే. శకుంతల జీవితమును తలక్రిందులు చేసినది జారిపోయిన యుంగరమే. వ్రేలికి వదులైన యుంగరము జారక మానదని కాళిదాసు కథ చదివిన ప్రతి తల్లికిని తెలియును. కనుకనే నిశ్చితార్థమైన మరునాడే బిగువు చేయించుటకు త్వరపడుదురు. ఆ త్వరలో, ఇచ్చునది నాలుగు గ్రాముల లోహమే కాదని, తిరిగి కొనరాని యొక దినపు జ్ఞాపకమని మరచిపోవుదురు.

పుట్టపర్తి ఒక విధముగా ఉంగరముల యూరు. చిత్రావతి యొడ్డున 1950 నవంబరు 23న ప్రశాంతి నిలయము వెలసిన నాటినుండి దేశదేశముల భక్తులు వచ్చుచున్నారు. సత్యసాయిబాబా చేతినుండి అందినదని భక్తులు ప్రసాదముగా దాచుకొను ఉంగరములు ఎన్నియో యిండ్లలో నున్నవి. అట్టి యుంగరమున రాయి కదలినను, వలయము అరిగినను, దానిని బాగుచేయువాని చేతిలో పడునది భక్తియే. ఇక విదేశములనుండి వచ్చువారి ఉంగరములు తరచుగా 14 క్యారట్లవి, అనగా వెయ్యింట 585 పాళ్ళ బంగారము కలవి. కొన్ని 9 క్యారట్లవి, 375 పాళ్ళవి. మన నగలలో నధికభాగము 22 క్యారట్లవి, 916 పాళ్ళవి. ఈ భేదము నెరుగక ఒక దానికి తగిన టంకమును మరియొక దానికి పెట్టినచో రంగు కలియదు, అతుకు నిలువదు. పైగా నాలుగు దినములుండి పోవు యాత్రికుడు, తప్పు తెలియువేళకు, సముద్రములు దాటియుండును. తీర్థమున చేసిన రిపేరుపై తగవు పెట్టుకొనుటకు ఎవడు తిరిగి వచ్చును?

ఈ సీమ విధియే చిత్రమైనది. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుటయే భాగ్యమైన యీ మెట్టనేల గర్భమున బంగారమున్నది, వజ్రములున్నవి. రామగిరిలో 20వ శతాబ్దపు తొలినాళ్ళలోనే పసిడిగనులు సాగినవి. తరువాత భారత్ గోల్డ్ మైన్స్ వారు త్రవ్విరి. 2001లో వారి పనియు నిలిచిపోయెను. వజ్రకరూరు పొలములలో తొలకరి వాన వెలిసిన వెంటనే జనులు వంగి వంగి నేలను వెదకుచు వజ్రములకై తిరుగుదురు. శెనక్కాయ పంట పండిన యేడు కొన్న కాసుబంగారమును ఎండిన యేడు కుదువబెట్టుట ఇచటి సేద్యగాని జీవితచక్రము. ఇట్టిచోట ఉంగరమున నూరు మిల్లీగ్రాముల తరుగు పోయినదన్న, పోయినది వానలో తడిసిన కష్టము గాదు, వానకై యెదురుచూచిన కష్టము.

ఇక ఉంగరమును చిన్నది చేయుట ఎట్లో తెలిసికొన్నగాని, అది చెడుట ఎట్లో తెలియదు. వలయపు అడుగుభాగమును కోసి, కొలత ప్రకారము చిన్న ముక్కను తీసివేసి, కొనలను దగ్గరకు వంచి, సందులేకుండ చేర్చి, నడుమ టంకము కరగించుదురు. శుద్ధమైన బంగారము 1064 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమికి కరగును. టంకము అంతకంటెను, ఉంగరపు లోహముకంటెను, తక్కువ వేడికి కరగవలెను. లేకున్న అతుకుకంటె ముందు ఉంగరమే కరగిపోవును. వెలిగారము చేయు పనియేమనగా, వేడికి లోహముపై క్రమ్మెడి మైలను హరించి టంకము పారుటకు దారి యిచ్చుట. కొనలు సరిగా కలియకున్నను, మైల పోకున్నను, నిప్పు చాలకున్నను టంకము లోనికి పారదు. పైపైన అంటుకొని, లోపల గాలిబుడగలు నిలిచి, మెరుగు పెట్టునప్పుడు బెజ్జములై బయటపడును. నా భూతద్దమునకు చిక్కినవి అవియే.

ఒకప్పుడు ఈ టంకమునకై బంగారములో కాడ్మియము కలిపెడివారు. ఆ లోహము 321 డిగ్రీలకే కరగి, 767 డిగ్రీలకు ఆవిరియై, ఊదుగొట్టము పట్టినవాని ఊపిరితిత్తులకును మూత్రపిండములకును చేటు తెచ్చును. చాలకాలము అంగడిపలకలపై గొప్పగా వెలసిన కేడీఎం అను మూడక్షరములు ఆ టంకమును తెలుపునవేగాని, జనులు నమ్మినట్లు స్వచ్ఛతకు ప్రభుత్వమిచ్చిన ముద్ర యెన్నడును కావు.

రాళ్ళ సంగతి వేరు. వజ్రము కాఠిన్యమున అన్నిటికంటె మేటి. అయినను గాలితగులునట్లు మిక్కిలి వేడిచేసిన దాని మొగము మబ్బువారును. పచ్చ నిప్పుకు బీటలిచ్చును; దాని పగుళ్ళలో పోసియుంచు నూనె కారిపోవును. పగడమును ముత్యమును నిప్పుకు గాని, మైల తీయుటకు ముంచు ఆమ్లమునకు గాని ఓర్వవు. కనుక నవరత్నపు ఉంగరమును బాగుచేయించువారు ముందుగా రాళ్ళు తీయుదురా, తీయకయే కాల్చుదురా అని యడిగి తెలిసికొనవలెను.

తూకపు లెక్కను ఇంటిలోనే వేయవచ్చును. మా యుంగరపు వలయము 2 మిల్లీమీటర్ల వెడల్పు, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందము కలది. చుట్టుకొలతలో తగ్గించినది రెండున్నర మిల్లీమీటర్లు. ఈ మూటిని హెచ్చించిన ఏడున్నర ఘన మిల్లీమీటర్లు. ఉంగరము 18 క్యారట్లది; ఆ బంగారము ఒక ఘన సెంటీమీటరు సుమారు పదునైదున్నర గ్రాములు తూగును గావున, కోసిన ముక్క తూకము సుమారు 0.12 గ్రాము. కొన్ననాటి బిల్లులో ఉంగరపు మొత్తము తూకము 4.21 గ్రాములు, రిపేరు పిదప వేరొకచోట తూచగా 3.98. తగ్గినది 0.23 గ్రాము. ముక్కను మినహాయించిన, మరి 110 మిల్లీగ్రాములకు లెక్క చెప్పువారు లేరు. అది ఆకురాయికి, మెరుగుచక్రమునకు పోయెనా, మరి యెటు పోయెనా? దొంగతనమని నేననజాలను, కాదనియు ననజాలను. మేమిచ్చిన దినమున దుకాణమువారిచ్చిన చీటీలో "ఉంగరం 1, బిగువు" అను మాటలు, తారీఖు తప్ప మరేమియు లేవు. రుజువు లేని కోపమునకు విలువ లేదు. అవ్వ కన్ను చేసిన పనిని నేడు చేయవలసినది కాగితము. ఆ కాగితమును మేము అడిగి పుచ్చుకొనలేదు.

ఏమేమి వ్రాయించుకొనవలెనో ఇప్పుడు చెప్పగలను, ఏలయన తెలివి తప్పు వెనుకనే వచ్చును. ఇచ్చునప్పటి తూకము మిల్లీగ్రాములవరకు, ఎన్ని క్యారట్లది, రాళ్ళెన్ని, ఏవి, చేయవలసిన పని, ఎంత చిన్నది లేక పెద్దది చేయవలెనో ఆ కొలత, కోసిన ముక్కను తిరిగి యిచ్చుదురా, లేక దాని వెల తగ్గించుదురా, మజూరీ యెంత, ఎన్నడిత్తురు, పని ఎచట జరుగును. హాల్‌మార్కు ఉన్నచోటును విడిచి కోయుమని చెప్పవలెను. ఆ గుర్తింపుసంఖ్య చెడిన, భారత ప్రమాణముల సంస్థవారి బీఐఎస్ కేర్ యాప్‌లో నగ పుట్టుపూర్వోత్తరములు చూచుకొను సాధనమే పోవును. చేతిఫోనుతో ఉంగరమును నాలుగువైపులనుండియు, త్రాసుపలకపై అంకె కనబడునట్లును, దుకాణమువారి యెదుటనే ఫోటోలు తీసికొనవలెను. వజ్రమునకు ప్రయోగశాల పత్రమున్నచో, రాతి అంచున సూక్ష్మముగా చెక్కిన సంఖ్య గలదేమో చూపించుకొనవలెను. రాయి మారినదను సందేహమునకు అంతకు మించిన విరుగుడు లేదు.

పని చెడినదని తేలినపిదప పాటింపవలసిన క్రమమొకటి కలదు. మొదట వేరొకచోట సరిచేయించుటకు తొందరపడరాదు. తప్పు చెరిగిన సాక్ష్యము చెరుగును. చెడిన స్థితిలోనే ఫోటోలు తీసి, మరియొక పనివానిచే లోపములివియని వ్రాయించుకొని, అటుపిమ్మట మొదటి దుకాణమునకే అవకాశమీయవలెను. స్వచ్ఛతపై అనుమానమున్న, బీఐఎస్ గుర్తింపు పొందిన పరీక్షాకేంద్రమున నాలుగు నగలవరకు 200 రూపాయల రుసుముతో పరీక్ష చేయించుకొనవచ్చును. కొన్న హాల్‌మార్కు నగయే తక్కువ స్వచ్ఛతదని తేలినయెడల, ఆ లోటు విలువకు రెండింతలును, పరీక్ష ఖర్చును అమ్మినవాడు చెల్లింపవలెనని 2018 నాటి బీఐఎస్ నియమములు చెప్పుచున్నవి. కాని ఆ ముద్ర వేసిననాటి స్థితికే సాక్షి. నడుమ రిపేరుకు వెళ్ళివచ్చిన నగకు పాత కాగితములన్నియు చేతనుండిననే దోష మెవరిదో తేలును.

మనలో పెక్కురెరుగని సంగతి యొకటున్నది. బాగుచేయుటకు ఇచ్చిన వస్తువు ఇచ్చినవానిదే. పుచ్చుకొన్నవాడు దానికి కాపలాదారు. తన సొంత సొమ్మును వివేకవంతుడు ఎట్లు కాపాడుకొనునో అట్లే పరుల సొమ్మును కాపాడవలెనని 1872 నాటి కాంట్రాక్టు చట్టపు 151వ సెక్షను శాసించుచున్నది. ఒప్పుకొన్న ప్రకారము పనిచేసినవాడు మజూరీ చెల్లువరకు వస్తువును తనయొద్ద నుంచుకొనుటకు అదే చట్టము హక్కు నిచ్చినది గనుక, న్యాయము పనివాని పక్షమును విడువలేదు. "బయటికి పంపినాము" అను మాట మాత్రము దుకాణదారునికి రక్ష కాదు. మనము నమ్మి యిచ్చినది అతని చేతికి.

మాటలతో తీరనప్పుడు, జరిగినదానిని, కోరునదానిని, గడువును తెలుపుచు ఉత్తరము వ్రాసి, అందినట్లు రుజువుండునట్లు తపాలాలో పంపవలెను. తరువాత 1915 అను సంఖ్యకు ఫోను చేసిన జాతీయ వినియోగదారుల సహాయకేంద్రము దుకాణముతో సంప్రదించును. అంతటను తీరకున్న జిల్లా వినియోగదారుల కమిషను కలదు. 2020 జూలై 20న అమలులోనికి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, రెండేండ్లలోపల, మనము నివసించు చోటనే ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన సొమ్ము 5 లక్షలకు మించనిచో రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. చట్టమున దీని పేరు సేవాలోపము. తిరిగి సరిచేయుమనియు, మజూరీ వాపసు చేయుమనియు, నష్టము పూరింపుమనియు కమిషను ఆదేశింపగలదు.

మాకు అంత దూరము పోవలసిన పని కలుగలేదు. ఉత్తరము అందిన మూడవనాడు యజమాని ఫోను చేసి, మజూరీ తిరిగి యిత్తుననియు, మరల చేయించి యిత్తుననియు చెప్పెను. మా కన్నులయెదుట చేయించుమని మేమంటిమి. అతడు కొంతసేపు వెనుకాడి, తుదకు తానే మమ్ము వెంటబెట్టుకొని వెళ్ళెను. ఆ "బయట" ఎంత దూరమో యని తలచితిమి గాని, అది ఆ దుకాణమునకు రెండు సందుల వెనుకనే యున్నది. రేకుల కప్పు క్రింద, చిన్న గదిలో, అరువదేండ్ల ఆచారియొకడు కూర్చుండియుండెను. ఆయన ముందర చిన్నచిన్న ప్లాస్టికు పొట్లములు ఇరువదివరకు వరుసగా నున్నవి. ఒక్కొక్కదానిపై నొక్కొక్క అంకె, మరేమియు లేదు.

ఆయన ఉంగరమును చేతికి తీసికొని, మేము చెప్పకమునుపే తప్పును కనిపెట్టి, "టంకం పారలేదు సామీ, పైపైన అంటుకోనుండాది. నేను చేసిందే" అనెను. అనుకొననంత తేలికగా ఒప్పుకొన్న యా మాటకు నా కోపము నిలువ నీడలేక పోయెను. ఎన్ని క్యారట్లదో తెలియకయే టంకము పెట్టితివాయని యడుగగా, పొట్లమునెత్తి చూపి, "నాకు వచ్చేది అంకె ఒగటే సామీ. ఎవురిదో తెలీదు, ఎన్ని క్యారట్లో తెలీదు. పొద్దు గుంకేలోపల ఇరవై ముగియల్ల" అనెను. మా అరుగుమీదనుండి కుంపటి లేచిపోయినప్పుడు నష్టపోయినవారము మేమే యని అంతవరకు తలచియుంటిని. ఎవరి యుంగరము చేయుచున్నాడో ఎరుగని యా ఆచారికిని ఎదుట చాపమీద మా అవ్వ లేకపోయెను.

ఆయన రాయియున్న తలను తడిగుడ్డలో చుట్టి, పాత అతుకును విప్పి, కొనలను ఆకురాయితో సరిచేసి, 18 క్యారట్ల టంకము పెట్టి, ఊదెను. నిప్పు నీలముగా నిలిచినది; టంకము ఒక్క క్షణము మెరిసి సందులోనికి దిగిపోయెను. లేచిన కొనను వంచి, భూతద్దము నాకిచ్చి, చూడుమనెను. గీటు లేదు. చిన్న త్రాసుపై పెట్టగా 3.99 గ్రాములు. పోయిన 110 మిల్లీగ్రాముల లెక్క తేలలేదు. మొదటిదినము తూచి వ్రాసినవారు లేరు గనుక ఇక తేలదు.

నేను జేబునుండి కాగితము తీసి, తారీఖు, తూకము, చేసిన పని వ్రాసి, ఆచారిచే వ్రాలు చేయించి, మడిచి అమ్మాయి చేతికిచ్చితిని. ఆచారి తువ్వాలుతో చేతులు తుడుచుకొని, కొంచెము మొగమోటముతో, "ఇంగొగటి రాసియ్యి సామీ, నాకూ ఉండనీ" అని చేయి చాపెను.